సభలో కథ చదవడానికీ, ప్రసిద్ధ ప్రసంగం వినిపించడానికీ ఎలా సిద్ధం కావాలి?

ఒక కార్యక్రమంలో మీకు ఇరవై నిమిషాలు ఇచ్చారని, ఆ సమయంలో ఒక కథాభాగాన్నీ, చరిత్రలో పేరుపొందిన ఒక ప్రసంగంలోని కొంత భాగాన్నీ చదవాలనుకుంటున్నారని రాశారు. ఇంట్లో బాగానే ఉన్న పఠనం నలుగురి ముందు నిలబడేసరికి వేగం పుంజుకుని, గొంతు ఒకే స్థాయిలో సాగిపోతోందని చెప్పారు. కంఠస్థం చేయాలా, కాగితం చూసి చదవవచ్చా, ఆ ప్రసంగం చేసిన నాయకుడి గొంతును అనుకరించాలా అన్నవి మీ ప్రశ్నలు. చాలా కాలంగా సభల్లో చదువుతూ, చదివేవారికి శిక్షణ ఇస్తూ ఉన్నాను కాబట్టి కొంత వివరంగానే సమాధానం రాస్తున్నాను.

వేగం పెరగడం, గొంతులో ఎగుడుదిగుళ్లు లేకపోవడం చాలామందిలో గొంతుకు సంబంధించిన లోపాలు కావని నా నమ్మకం. చదువుతున్న వాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఏ అవసరం కొద్దీ అంటున్నారో ఆ క్షణంలో మనసులో లేనప్పుడు అవి వస్తాయి. అర్థం మీద పట్టు లేని చోట నాలుక తన అలవాటు కొద్దీ పరుగెత్తుతుంది. కాబట్టి సాధనలో ఎక్కువ భాగం అద్దం ముందు కాకుండా, చేతిలో పెన్సిలుతో పాఠం ముందు కూర్చుని చేయాలి. గొంతుకు మెరుగులు దిద్దడం ఆ తరువాతి పని.

దీన్ని ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చేసిన ప్రసంగం ఆంగ్లంలో దాదాపు 270 మాటలు. రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోయింది. ఆయనకు ముందు ఆనాటి పేరుపొందిన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటల పాటు మాట్లాడారు. లింకన్ ప్రసంగం చివరన వచ్చే ‘ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు’ అన్న భాగాన్ని మనమందరం బడిలో ప్రజాస్వామ్యానికి నిర్వచనంగా చదువుకున్నాం. అందువల్ల సభలో చదివేవారు కూడా ఆ మూడు విభక్తులనూ వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టు ఒత్తి పలుకుతారు. అసలు సందర్భం వేరు. ఆ ఏడాది జూలై 1 నుంచి 3 వరకు అక్కడ జరిగిన పోరులో చనిపోయిన సైనికుల శ్మశానవాటికను అంకితం చేయడానికి ఏర్పాటైన సభ అది. అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు, దాని ఫలితం ఎవరికీ తెలియదు. వీరి మరణం వృథా కాకూడదని ఇక్కడ మనం గట్టిగా సంకల్పించుకోవాలంటూ సాగే ఒక పొడవాటి వాక్యానికి ఆ ప్రసిద్ధమైన మాటలు చివరి అంగం మాత్రమే. అంటే చదివేవారి నోట అవి ప్రతిజ్ఞలా పలకాలి. ఈ సంగతి తెలిసి చదివినప్పుడు బరువు ‘యొక్క’, ‘చేత’, ‘కొరకు’ల మీద నుంచి జారి, మూడుసార్లు వచ్చే ‘ప్రజల’ అన్న మాట మీదా, ఆ తరువాత ‘నశించిపోకూడదు’ అన్న క్రియ మీదా దానంతటదే నిలుస్తుంది. వేగం కూడా తగ్గుతుంది, ఎందుకంటే సమాధుల ముందు నిలబడి ఎవరూ హడావిడిగా ప్రమాణం చేయరు. గొంతు గురించి ఒక్క సూచన కూడా ఇవ్వకుండానే పఠనం మారిపోవడం నేను శిక్షణలో తరచూ చూస్తుంటాను.

అందుకే నా దగ్గరికి వచ్చేవారిని మొదట ప్రతి పేరా పక్కనా ఒక క్రియను రాసుకోమంటాను: హెచ్చరిస్తున్నాడు, బతిమాలుతున్నాడు, లెక్క చెబుతున్నాడు, ఊరడిస్తున్నాడు, సవాలు చేస్తున్నాడు. ‘బాధగా’, ‘ఆవేశంగా’ వంటి మాటలు రాసుకుంటే ఉపయోగం ఉండదు. అవి గొంతులో ఒక రంగును పులమమంటాయే తప్ప చేయవలసిన పనిని చెప్పవు. వరుసగా నాలుగు పేరాల పక్కన ఒకే క్రియ వచ్చిందంటే, అక్కడ మీ గొంతు సమంగా సాగిపోవడంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు మళ్లీ చదివి, మలుపు ఎక్కడుందో వెతకాలి. మంచి ప్రసంగంలో మలుపులు ఉండి తీరుతాయి.

దీని కంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీ చేతిలో ఉన్న పాఠం సరైనదేనా అని చూసుకోవాలి. ప్రసిద్ధ ప్రసంగాల విషయంలో ఇది మనం అనుకునేదానికంటే పెద్ద సమస్య. లింకన్ చేతివ్రాతతో ఉన్న గెటిస్‌బర్గ్ ప్రతులే ఐదు ఉన్నాయి, వాటి మధ్య తేడాలు ఉన్నాయి. భగవంతుని నీడలో అన్న అర్థం వచ్చే మాట మొదటి రెండు ప్రతుల్లో కనిపించదు. 1775లో అమెరికా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు పాట్రిక్ హెన్రీ చేసినట్టు మనం చదువుకునే ‘స్వేచ్ఛనివ్వండి, లేదా మరణాన్నివ్వండి’ ప్రసంగాన్ని ఆయన జీవితచరిత్ర రాసిన విలియం వర్ట్ 1817లో, అంటే నాలుగు దశాబ్దాల తరువాత, విన్నవారి జ్ఞాపకాల ఆధారంగా కూర్చాడు. అన్నిటికంటే ఆలోచింపజేసేది, బానిసత్వం నుంచి బయటపడి స్త్రీల హక్కుల కోసం మాట్లాడిన సోజర్నర్ ట్రూత్ ప్రసంగం. 1851లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఆమె మాట్లాడిన కొద్ది వారాలకే మారియస్ రాబిన్సన్ ఒక పత్రికలో ఆ ప్రసంగాన్ని అచ్చువేశాడు. అందులో ‘నేను స్త్రీని కానా’ అన్న పల్లవి లేదు. పల్లవితో కూడిన పాఠాన్ని ఫ్రాన్సెస్ గేజ్ 1863లో, అంటే పన్నెండేళ్ల తరువాత ప్రచురించింది. పైగా దాన్ని అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల యాసలో రాసింది. ట్రూత్ పుట్టిపెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆమె మొదటి భాష డచ్చి. సభలో ఏ పాఠాన్ని చదవాలన్నది మీ ఇష్టమే. కానీ ఆ సంగతి తెలిసి ఎంచుకోవాలి, పరిచయంలో ఒక వాక్యంతో శ్రోతలకు చెప్పాలి. ఆమె అనని యాసను ఆమె నోట పెట్టి రక్తి కట్టించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగానిది మరో రకమైన చిక్కు. ‘నాకొక కల ఉంది’ అన్న భాగం ఆయన రాసుకొచ్చిన కాగితాల్లో లేదు. మాట్లాడుతూ ఆ కాగితాలను వదిలేసిన తరువాత వచ్చింది. కాబట్టి అక్కడ ముందే తయారుచేసిన ప్రతిని కాకుండా, ధ్వనిముద్రణను విని రాసిన పాఠాన్ని తీసుకోవాలి. చదివేటప్పుడు కూడా ఆ తేడా వినిపించాలి: మొదటి భాగం నిర్మాణం తెలిసిన మనిషి వేసుకొచ్చిన వాదన, రెండోది ఎదురుగా ఉన్న జనంలోంచి అప్పటికప్పుడు పైకి లేచిన మాట. ఈ ప్రసంగంపై హక్కులు తమవేనని ఆయన వారసులు వేసిన దావాలో, వేలమంది ముందు మాట్లాడినంత మాత్రాన అది అందరి సొత్తు అయిపోలేదని 1999లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. అందువల్ల పూర్తిగా చదవాలన్నా, చదివిన వీడియోను పెట్టాలన్నా అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. మీరు ఎంచుకునే కథ రచయిత జీవించి ఉన్నా, మరణించి ఎక్కువ కాలం కాకపోయినా అదే జాగ్రత్త అవసరం.

ఇరవై నిమిషాలకు సరిపడేలా పాఠాన్ని కుదించడం తరువాతి మెట్టు. ఇక్కడ చాలామంది పేరుపొందిన వాక్యాలను మాత్రమే ఏరి, వరుసగా పేర్చుకుంటారు. అలా చేస్తే ప్రతి వాక్యమూ శిఖరమే అవుతుంది, ఎక్కిన దారి మాత్రం కనిపించదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగాన్ని చూడండి. 1950 జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉండబోతున్నాయని ఆయన అన్న మాటలు అందరికీ తెలుసు. మతంలో భక్తి ఆత్మకు ముక్తిమార్గం కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికి దారి అన్న మాట కూడా అంతే ప్రసిద్ధం. ఈ రెండూ నినాదాలుగా పుట్టలేదు. ప్రజాస్వామ్యం పేరుకు కాక నిజంగా నిలవాలంటే మనం మూడు పనులు చేయాలని ఆయన వరుసగా చెబుతున్నాడు: రాజ్యాంగబద్ధమైన పద్ధతులనే పట్టుకోవడం, ఎంత గొప్పవాడైనా ఒక మనిషి పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టకపోవడం, రాజకీయ ప్రజాస్వామ్యాన్ని సామాజిక ప్రజాస్వామ్యంగా మార్చడం. భక్తి గురించిన మాట రెండో అంశంలో, వైరుధ్యాల మాట మూడో అంశంలో వస్తాయి. మీకు ఎనిమిది నిమిషాలే ఉంటే మూడు అంశాల నుంచీ తలా ఒక ముక్క తీసుకోకండి. ఒక్క మూడో అంశాన్నే తీసుకుని, దాని మొదటి వాక్యం నుంచి చివరి హెచ్చరిక వరకు పూర్తిగా చదవండి. వాదన మొత్తం విన్న శ్రోతకు ఆ ప్రసిద్ధ వాక్యం తాను కూడా చేరుకున్న నిర్ణయంలా వినిపిస్తుంది. పాఠం కుదించేటప్పుడు రచయిత మాటలను తొలగించవచ్చు గానీ మన మాటలను చేర్చకూడదన్నది నేను కచ్చితంగా పాటించే నియమం. అతుకు కోసం ఒక వాక్యం తప్పనిసరి అయితే, దాన్ని చదివేవారి మాటగా, గొంతు మార్చి, కాగితం మీద నుంచి తల ఎత్తి చెప్పాలి.

అనుకరణ గురించి అడిగారు. వద్దని నా స్పష్టమైన సలహా. మనం అనుకరించేది తరచూ ఆ మనిషి గొంతును కాదు, సినిమాల ద్వారా మన చెవుల్లో పడిన గొంతును. లింకన్ గొంతు సన్నగా, హెచ్చు స్థాయిలో ఉండేదని ఆయన్ను విన్నవారు రాశారు. ధ్వనిముద్రణ యంత్రం పుట్టడానికి పన్నెండేళ్ల ముందే, 1865లో ఆయన చనిపోయారు. వివేకానందుడు 1893 సెప్టెంబరు 11న షికాగోలో చేసిన ప్రసంగానికి కూడా ధ్వనిముద్రణ లేదు, ఇంటర్నెట్‌లో ఆయన గొంతుగా తిరుగుతున్నవి వేరేవారు చదివినవి. గాంధీ విషయంలో ఆధారాలు ఉన్నాయి, కానీ వాటిని పట్టించుకోము. 1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో ఆయన ‘చేయండి లేదా చావండి’ అన్న మాటను ఇచ్చినప్పుడు, అది ఒక చిన్న మంత్రమని, దాన్ని హృదయాల మీద ముద్రించుకోమని అన్నారు. ఆయన గొంతు మెత్తనిది, మాట్లాడే తీరు సంభాషణలా ఉండేది. అయినా వేదికల మీద ఆ మాటను పిడికిలి బిగించి అరిచేవారినే ఎక్కువగా చూస్తాం. మంత్రాన్ని ఎవరూ అరిచి ఉపదేశించరు. ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గించి, ముందూ వెనకా కొంత మౌనం ఉంచి చదివి చూడండి, సభ మీ వైపు వంగి వింటుంది.

అలాగని ధ్వనిముద్రణలు వినవద్దని కాదు. వినాలి, కానీ గొంతు కోసం కాకుండా ఎక్కడ ఆగారు, ఏ మాటను తేలికగా దాటించారు, జనం స్పందించినప్పుడు ఏం చేశారు అన్నది గమనించడానికి వినాలి. పాఠం మీద మీ సొంత గుర్తులు పెట్టుకున్న తరువాతే వినడం మంచిది, లేకపోతే ఆ బాణీ చెవిలో పడి ఇక వదలదు. వేషధారణ, కర్ర, కళ్లజోడు వంటివి ఏకపాత్రాభినయానికి చెందినవి. పఠనంలో మీరు మీరుగానే నిలబడి, ఆ మనిషి ఆలోచనను శ్రోతలకు అందజేస్తున్నారు.

కంఠస్థం ప్రశ్నకు వస్తాను. వేదోచ్చారణను వివరించే పాణినీయ శిక్ష అనే గ్రంథంలో అధమ పాఠకులు ఆరుగురని చెప్పిన శ్లోకం మీరు వినే ఉంటారు: రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. వేదపాఠం గురించి చెప్పిన ఈ జాబితాలో ఐదు దోషాలు ఈనాటి ఏ వేదికకైనా అక్షరాలా వర్తిస్తాయి. నాలుగోది, అంటే లిఖితపాఠకుణ్ణి అధముడనడం, గురుముఖంగా నేర్చుకునే సంప్రదాయానికి సరిపోతుంది. మన సభలకు దాన్ని కొంచెం సడలించుకోవచ్చు. పాఠం దాదాపు నోటికి వచ్చి ఉండాలి, కాగితం మాత్రం చేతిలో ఉండాలి. ఆంగ్ల నవలా రచయిత చార్లెస్ డికెన్స్ తన కథలను వేలమంది ముందు చదివి వినిపించినప్పుడు చేసింది ఇదే. సభల కోసం ప్రత్యేకంగా కుదించిన ప్రతులను తయారుచేయించి, వాటిలో కొట్టివేతలు, కింద గీతలు, పక్కన అభినయ సూచనలు రాసుకునేవాడు. మాటల కోసం వెతుక్కునే అవసరం లేకుండా పాఠాన్ని కంఠతా పట్టేవాడు, అయినా పుస్తకాన్ని ముందు ఉంచుకునేవాడు. పూర్తిగా కంఠస్థాన్నే నమ్ముకోవడంలో ప్రమాదం ఎలాంటిదో విన్‌స్టన్ చర్చిల్‌కు 1904లో తెలిసివచ్చింది. బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభలో మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోయి, కూర్చుండిపోవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన నోట్సు లేకుండా ముఖ్యమైన ప్రసంగం చేయలేదు. ఆ నోట్సును పేరాలుగా కాకుండా, ఒక్కో ఊపిరికి ఒక్కో పంక్తిగా విరిచి, పద్యంలా టైపు చేయించుకునేవాడు.

ఈ పంక్తుల విరుపును మీరు తప్పక అనుసరించండి. పుస్తకంలోంచి నేరుగా చదవకుండా, పాఠాన్ని పెద్ద అక్షరాల్లో, వెడల్పైన ఖాళీలతో, అర్థం ఎక్కడ విరిగితే అక్కడ పంక్తి విరిచి తిరగరాసుకోండి. ఒక వాక్యం సగం ఈ పుటలో, సగం ఆ పుటలో ఉండకూడదు. కాగితానికి ఒకవైపే రాయాలి, పుటసంఖ్యలు వేయాలి, పిన్ను కొట్టకుండా విడిగా ఉంచి, చదివినదాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరపాలి. పుటలో కింది పావు భాగాన్ని ఖాళీగా వదిలితే తల మరీ వాలదు, గొంతు నొక్కుకుపోదు. గుర్తులు తక్కువగా పెట్టుకోండి: చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు, బరువు పడవలసిన మాట కింద ఒక గీత. ఒక వాక్యంలో రెండు మాటల కింద గీత పడిందంటే మీరింకా నిర్ణయించుకోలేదని అర్థం.

తెలుగులో చదివేవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘కాదు’, ‘లేదు’, ‘కూడదు’ అన్న నిషేధాలూ, జరిగిందా జరగబోతోందా అన్న కాలమూ, ప్రశ్నా నిశ్చయమా అన్నదీ అన్నీ వాక్యం కొసనే తేలుతాయి. కానీ అలసటతోనో, తరువాతి పంక్తి మీదికి చూపు పోవడంతోనో చాలామంది సరిగ్గా అక్కడే గొంతును దించేస్తారు. ‘మనం వెనుదిరిగే ప్రసక్తి లేదు’ అన్న వాక్యంలో ‘లేదు’ వినిపించకపోతే, వెనక వరుసలో ఉన్నవారికి మీరు చెప్పిందానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చేరుతుంది. కాబట్టి వాక్యం మొదటి మాటకు ఎంత ఊపిరి ఇచ్చారో చివరి మాటకూ అంత ఊపిరి మిగిలి ఉండాలి. స్వరస్థాయి దిగవచ్చు, వినికిడి మాత్రం తగ్గకూడదు. వాక్యాంతంలోనే తల ఎత్తి, ఆ క్రియను ఒక మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పే అలవాటు చేసుకుంటే ఈ దోషం చాలావరకు పోతుంది. అలా చూసి చెప్పాక, నోరు మూసి, కళ్లతో తరువాతి పంక్తిని అందుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ మౌనం మీకు చాలా పొడవుగా తోస్తుంది, వినేవారికి మాత్రం అది ఆలోచించుకునే వ్యవధి.

అనువాద ప్రసంగాల్లో ఈ వాక్యనిర్మాణం మరో విధంగా ఎదురవుతుంది. 1940 జూన్ 4న చర్చిల్ కామన్స్ సభలో చేసిన ప్రసంగంలో ‘పోరాడతాం’ అన్న మాట ఆంగ్లంలో ప్రతి వాక్యం మొదట్లో తిరిగి తిరిగి వస్తుంది. తెలుగులో అది ప్రతి వాక్యం చివరకు చేరుతుంది. తీరాలలో, పొలాలలో, వీధులలో, కొండలలో అంటూ చోటు మారుతుంటే, మారని క్రియ ఒక్కటే ప్రతిసారీ వచ్చి పడుతుంది. దాన్ని ప్రతిసారీ ఒకే బలంతో పలికితే రెండో మూడో వాక్యానికే చెవి విసుగుచెందుతుంది. మొదటిసారి నిబ్బరంగా చెప్పి, మధ్యలో చోటు పేర్ల మీదికి బరువు మార్చి, చివరన ‘ఎన్నటికీ లొంగిపోము’ అన్న దగ్గర మళ్లీ క్రియకు బలం ఇవ్వాలి. మీకు రెండు మూడు అనువాదాలు దొరికితే ప్రతి ఒక్కదాన్నీ పైకి చదివి, నోటికి ఏది అనువుగా ఉందో దాన్ని తీసుకోండి. కంటికి అందంగా కనిపించే దీర్ఘ సమాసం చెవికి అందకముందే దాటిపోవచ్చు.

కథ చదవడం వేరే విద్య. ప్రసంగంలో ఒక్క మనిషి, ఒక్క సభ. కథలో కథకుడు, పాత్రలు, చోట్లు, కాలాలు ఉంటాయి. ఇక్కడ ప్రధానమైన గొంతు కథకుడిదే. అది స్థిరంగా, నమ్మదగినదిగా ఉంటే పాత్రలకు చిన్న తేడా చాలు: ఒకరు కొంచెం నిదానంగా మాట్లాడతారు, ఇంకొకరు మాటల మధ్య ఊపిరి తీసుకోరు, మరొకరు ఎదుటివారి కళ్లలోకి చూడరు. చూపు దిశను కొద్దిగా మార్చినా సంభాషణలో ఎవరి వంతో తెలుస్తుంది. మగవారు స్త్రీ పాత్రకు గొంతు సన్నం చేయడం, స్త్రీలు మగ పాత్రకు బొంగురు చేయడం వద్దు, దానివల్ల గంభీరమైన సన్నివేశం కూడా తేలిపోతుంది. ముసలివారి పాత్రకు వణుకు కూడా అలాంటిదే.

తెలుగు కథల్లో ‘అని అన్నాడు’, ‘అంది ఆమె’ అన్న ముక్కలు మాట పూర్తయిన తరువాత వస్తాయి. కంటితో చదివేవారికి ఇబ్బంది లేదు, ఎందుకంటే ఉల్లేఖన చిహ్నాలూ కొత్త పంక్తీ కనబడతాయి. చెవితో వినేవారికి మాత్రం ఆ మాట ఎవరిదో అది అయిపోయేదాకా తెలియదు. అందువల్ల పాత్ర మాట్లాడే ముందు ఒక అర క్షణం ఆగి, చూపూ భంగిమా మార్చి, అప్పుడు మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టగలిగితే ‘అన్నాడు’లలో చాలావాటిని కొట్టివేయవచ్చు. కొట్టివేయకూడనివి కూడా ఉంటాయి. మాటకూ మాటకూ మధ్య రచయిత ఆలస్యం కోరుకున్నప్పుడు ‘అన్నాడు రాఘవయ్య, కాసేపటికి’ వంటి ముక్కలో ఆ ‘కాసేపటికి’ చాలా విలువైనది. వర్ణనలను కుదించేటప్పుడు కూడా ఇదే చూడండి: తరువాత జరగబోయేదానికి అవసరమైన వస్తువు ఒకటైనా ఆ వర్ణనలో ఉందేమో వెతికి, దాన్ని వదలకండి.

దుఃఖ సన్నివేశాల గురించి ఒక మాట. చదివేవారు తామే కన్నీళ్లు పెట్టుకుంటే శ్రోతల దృష్టి కథ మీద నుంచి చదివేవారి మీదికి మళ్లుతుంది. అటువంటి చోట మరింత పొడిగా, వివరాలను స్పష్టంగా, వేగం పెంచకుండా చదవాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు గొంతు పూడుకుపోతే పోనివ్వండి, ఆ ఉద్వేగం అక్కడ ఖర్చయిపోవడమే మంచిది. గొంతు పూడుకుపోయే వాక్యం ఏదో ముందే తెలిస్తే, దానికి ముందు ఊపిరి తీసుకునే చోటు గుర్తుపెట్టుకోవచ్చు.

సాధన క్రమం ఇలా పెట్టుకోండి. మొదట కాగితం పక్కన పెట్టి, ఆ భాగంలో ఉన్నదాన్ని మీ సొంత మాటల్లో ఎవరికైనా చెప్పండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ పాఠం మీకు ఇంకా అర్థం కాలేదు. తరువాత నిలబడి, సభలో వాడే గొంతుతోనే పైకి చదవండి, గొణుక్కుంటూ చేసిన సాధన వేదిక మీద పనికిరాదు. ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెడితే ఆరంభం అరిగిపోతుంది, ముగింపు పచ్చిగానే ఉండిపోతుంది. కాబట్టి కొన్ని రోజులు చివరి పేరా నుంచి వెనక్కి సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి, పాఠం చూడకుండా వినండి. పాఠం చూస్తూ వింటే వినిపించని అక్షరాలను కళ్లు పూరించేస్తాయి. ఒత్తులు, ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ, ‘శ’కూ ‘ష’కూ మధ్య తేడాలు, మాటల చివరి హల్లులు ఎక్కడ జారుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. నిమిషానికి 150 మాటలన్న లెక్క ఆంగ్లానిది. మన మాటలు విభక్తులనూ క్రియారూపాలనూ కలుపుకుని పొడవుగా ఉంటాయి కాబట్టి ఆ లెక్కతో పాఠం తూచకండి. గడియారం పెట్టుకుని మీ పఠనాన్నే కొలవండి. ఇరవై నిమిషాలకు పదిహేడు నిమిషాల పాఠం చాలు, మిగిలింది పరిచయానికీ, విరామాలకూ, చప్పట్లకూ పోతుంది.

సభ రోజున ముందుగా వెళ్లి, ఖాళీ హాలులో ఒక పేరా చదివి, ఎవరినైనా చివరి వరుసలో నిలబడి వినమనండి. ప్రతిధ్వని ఎక్కువగా ఉంటే వేగం ఇంకా తగ్గించాలి, గొంతు పెంచడం వల్ల ప్రయోజనం ఉండదు. జనం నిండాక ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, జానెడు దూరంలో పెట్టుకుంటే ‘ప’, ‘ఫ’, ‘బ’, ‘భ’ల దగ్గర వచ్చే గాలి దెబ్బలు వినిపించవు. తల తిప్పి చూసేటప్పుడు నోరు మైకు నుంచి దూరం జరగకుండా చూసుకోండి. కాగితాల మీద దీపం వెలుతురు ఎటు నుంచి పడుతోందో కూడా అప్పుడే చూడాలి.

భయం పూర్తిగా పోదు, పోనవసరం లేదు. మొదటి రెండు వాక్యాలనూ చివరి రెండు వాక్యాలనూ మాత్రం పూర్తిగా కంఠస్థం చేయండి, వాటిని కాగితం చూడకుండా చెప్పగలిగితే మిగిలినదంతా ఆ పట్టు మీద నడుస్తుంది. నిలబడగానే మొదలుపెట్టకుండా, ఊపిరిని పూర్తిగా బయటకు వదిలి, కొత్త ఊపిరి దానంతటదే లోపలికి వచ్చాక మొదటి మాట పలకండి. భయంలో మనం ఊపిరి తీసుకుంటూనే ఉంటాం, వదలడం మరిచిపోతాం. పరుగు అక్కడే మొదలవుతుంది. మాట తప్పితే, అర్థం చెడనంతవరకు సరిదిద్దకుండా సాగిపోండి. అర్థం చెడితే ఆ వాక్యాన్ని మొదటి నుంచి నిదానంగా మళ్లీ చదవండి, క్షమాపణ అక్కర్లేదు. పరిచయం నాలుగు వాక్యాలు దాటకూడదు: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎదురుగా ఎవరున్నారు. ఈ ప్రసంగం ఎంత గొప్పదో ముందుగా చెప్పకండి, దాన్ని వారు విని తెలుసుకుంటారు.

రెండు అంశాల్లో దేన్ని ముందు చదవాలన్నది మీరు అడగలేదు గానీ చెబుతాను. కథను ముందు పెట్టండి. శ్రోతలు మీ గొంతుకు అలవాటు పడడానికి కథ సమయం ఇస్తుంది, ప్రసంగానికి అలా వేచి ఉండే ఓపిక లేదు. రెండింటి మధ్య ఒక గుక్క నీళ్లు తాగి, నిలబడే చోటును ఒక అడుగు మార్చుకుంటే సరిపోతుంది.

కార్యక్రమాలు ఆలస్యంగా నడవడం మామూలే కాబట్టి, ఇరవై నిమిషాలను పన్నెండు చేయమని చివరి క్షణంలో అడిగే అవకాశం ఉంది. అప్పుడు వేదిక పక్కన నిలబడి కంగారుగా పుటలు తీసేయకుండా, పన్నెండు నిమిషాల పాఠాన్ని కూడా ఇప్పుడే కుదించి, వేరే రంగు పెన్సిలుతో అదే ప్రతి మీద గుర్తుపెట్టుకోండి. దాన్ని కూడా కనీసం రెండు మూడుసార్లు పైకి చదివి, అతుకులు వినిపించడం లేదని రూఢి చేసుకోండి.